ఎవరి స్థాయి వాళ్లే చెప్పాలి

మా అమ్మాయి గౌరి పదో తరగతి పరీక్షలు రాసేసి ఇంట్లో ఉన్న వేసవి అది. నా భార్య రేవతి పోయాక వచ్చిన మొదటి వేసవి.

మాది ఢిల్లీ బోర్డరు దాటగానే వచ్చే వైశాలిలో మూడో అంతస్తు ఫ్లాటు. పొద్దున్న చార్టర్డ్ బస్సులో సెక్రటేరియట్‌కి వెళ్లేవాణ్ణి. సాయంత్రం అదే బస్సులో, అదే సీట్లో, కిటికీకి తల ఆనించి నిద్రపోతూ తిరిగొచ్చేవాణ్ణి. గౌరి తలుపు తీసి మళ్లీ తన గదిలోకి వెళ్లిపోయేది.

"తిన్నావా?"

"హా."

"ఏం తిన్నావ్?"

"జో థా."

ఉన్నదేదో తిన్నానని. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా హిందీలో వస్తుంది. రేవతి ఉన్నప్పుడు ఆ హిందీకీ, మా గోదావరి తెలుగుకీ మధ్య రోజంతా పేచీ నడిచేది. ఆ వేసవిలో ఏ భాషలోనూ పేచీ లేదు. నేను కుక్కరు పెట్టేవాణ్ణి, ఇద్దరం తినేవాళ్లం, కంచాలు కడిగి పడుకునేవాళ్లం. పక్క ఫ్లాటు భాటియాగారి భార్య అప్పుడప్పుడు రాజ్మా పంపేది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, అందులో ఏం పెట్టివ్వాలి అని ఆలోచించే ఓపిక నాకు లేదని ఆవిడకెలా తెలిసిందో, స్టీలు గిన్నెలో కాకుండా ఐస్‌క్రీము డబ్బాలో పోసి పంపేది. పారేస్తే సరిపోయే డబ్బా. ఆవిడకు నేను ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

షుగరు పెరిగిందని డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. మా సొసైటీ వెనక పెద్ద పార్కు ఉంది. అక్కడే పృథ్వీరాజ్ కనిపించాడు. మా కింది అంతస్తులోనే ఉంటాడు, కరీంనగర్ కుర్రాడు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ పని మీద ఏడాది పాటు అమెరికా వెళ్లి, అక్కణ్ణించి ఒక సంచీ నిండా ప్లాస్టిక్ డిస్కులు తెచ్చుకున్నాడు. వెల్డింగు షాపులో ఇనప బుట్టలు చేయించి, వాటి మీద గొలుసులు వేలాడదీయించి, పార్కు మాలీని బతిమాలి చెట్ల మధ్య అక్కడక్కడా పాతించాడు. దూరం నించి డిస్కు విసరాలి. పడ్డచోటి నించి మళ్లీ విసరాలి. చివరికి అది గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఎంత తక్కువసార్లు విసిరితే అంత గొప్ప.

"గోల్ఫ్ అసొంటిదే అంకుల్. బంతికి బదులు గిది. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటరు," అన్నాడు.

పార్కుకి పాల ప్యాకెట్లతో వచ్చేవాళ్లు మాత్రం దాన్ని కంచాలాట అనేవారు. వాళ్లకు మేము థాలీవాలాలం.

నేను అందులో చేరడానికి పెద్ద కారణం లేదు. ఊరికే నడవడం కంటే ఏదో ఒకటి విసిరి, దాని వెనక నడవడం సులువనిపించింది. రోజూ నాతో నడిచే పక్క ఫ్లాటు భాటియాగారు కూడా చేరారు. ఆయన బ్యాంకులో రిటైరయ్యారు, మోకాళ్లు రెండూ నొప్పి. ఆయన విసిరిన డిస్కు చాలాసార్లు ఆయన వెనక్కే పోయేది.

ఒక పొద్దున్న తెల్లవారకముందే కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా కాసేపటికి మూలిగి ఆగిపోయింది. గది ఉడికిపోతుంటే గౌరి కళ్లు నలుపుకుంటూ లేచి, చెప్పులేసుకుని నా వెనకే పార్కుకి వచ్చింది. సిమెంటు బెంచీ మీద కూర్చుని చాలాసేపు మమ్మల్ని చూసింది. పృథ్వీ ఒక పసుప్పచ్చ డిస్కు తీసి ఇచ్చాడు.

"మణికట్టు గిట్ల మడువు. భుజంతోని కాదు, నడుంతోని తిరగాలె. ఇగ ఇడిచిపెట్టు."

గౌరి విడిచిపెట్టింది. ఆ నెలలో రేల చెట్లు పూర్తిగా పూసి ఉన్నాయి. డిస్కు ఆ పూల గుత్తుల కింద నించి తిన్నగా పోయి, చివర్లో కొంచెం ఎడమకు వంగి, అవతలి కంచె దగ్గర ఆగింది. మాలో ఎవరి డిస్కూ అంతవరకూ ఆ కంచె చూడలేదు.

"ఏడ నేర్సినవ్?" అన్నాడు పృథ్వీ.

"కహీఁ నహీఁ," అంది గౌరి. ఎక్కడా లేదు. తర్వాత డిస్కు తెచ్చుకోవడానికి పరుగెత్తింది. ఇంట్లో ఒక గది నించి ఇంకో గదికి నడవడానికే విసుక్కునే పిల్ల.

తర్వాత రోజు నేను లేచేసరికి గౌరి బూట్లు కట్టుకుంటోంది.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. అందరూ ఒకసారి విసిరాక, బుట్టకు ఎవరి డిస్కు అన్నిటికంటే దూరంగా ఉందో వాళ్లే ముందు విసరాలి. వాళ్లు విసిరేదాకా మిగతా అందరూ ఉన్నచోటే ఆగాలి. ముందుకెళ్లిన వాళ్లు ముందుకే పోవడానికి లేదు. మొదట్లో నాకది వింతగా అనిపించింది. నేనున్న ఆఫీసుల్లో అలాంటి రూలు చూడలేదు. రోజూ అందరికంటే వెనక పడేది నేనూ భాటియాగారే. మేమిద్దరం ఆయాసపడుతూ డిస్కు వెతుక్కుంటుంటే అంత దూరం విసిరిన గౌరి చెట్టు నీడలో చేతులు కట్టుకుని నిలబడి ఉండేది. చూసేది. "నాన్నా, బాయేఁ తరఫ్," అనేది. ఎడమ వైపు. ఒక్కోసారి నవ్వేది కూడా.

మే మధ్యలో పృథ్వీ టోర్నమెంటు మాట ఎత్తాడు. గుర్గావ్‌లో ఒక జట్టు ఉంది, అందులో కొందరు విదేశీయులూ ఉన్నారు, మన పార్కుకే వస్తారట. జూన్ మొదటి ఆదివారం. ఎండ ముదరకముందే మొదలుపెట్టి రెండు రౌండ్లు ఆడాలి.

"మూడు విభాగాలు అంకుల్. బిగినర్స్, అమెచ్యూర్, ఓపెన్. ఏ విభాగం వాళ్లు ఆ విభాగం వాళ్లతోనే నడుస్తరు."

"ఎవరే విభాగమో ఎవరు తేలుస్తారు?" అన్నాను.

"ఎవ్వరు తేల్చరు. ఎవరి స్థాయి వాళ్లే జెప్పాలె."

"అలా అయితే అందరూ తక్కువే చెబుతారు కదయ్యా, గెలవడానికి."

"జెప్పరు అంకుల్. జెప్పినోళ్లను చూసి మిగిలినోళ్లు నవ్వుతరు, గంతే."

నాకిది మింగుడు పడలేదు. నేను పనిచేసే సెక్షన్లో పదోన్నతుల ఫైళ్లు చూస్తాం. అక్కడ ఒక మనిషి ఏ స్థాయివాడో ఆ మనిషి తప్ప అందరూ చెబుతారు. పైఅధికారి రాస్తాడు, ఆయన పైఅధికారి సరేనంటాడు, కమిటీ కూర్చుంటుంది. ఏం రాశారో చాలాకాలం ఆ మనిషికి చూపించేవారు కూడా కాదు. నా కింద పనిచేసిన వాళ్లందరికీ నేను 'వెరీ గుడ్' అనే రాసేవాణ్ణి. అంతకంటే తక్కువ రాస్తే వాళ్ల ప్రమోషన్ ఆగిపోతుంది. అంతకంటే ఎక్కువ రాస్తే కారణాలు రాయాలి. రేవతి దీన్ని ఇంట్లో కూడా ఆటపట్టించేది. కూర ఎలా ఉందంటే బాగుంది అనేవాణ్ణి కదా, "వచ్చిందమ్మా వెరీ గుడ్," అని గౌరికేసి చూసి నవ్వేది.

"హమ్ తో జనమ్ సే బిగినర్ హైఁ, సారథీజీ," అన్నారు భాటియాగారు. పుట్టుకతోనే బిగినరునని. "మీరూ నాతోనే."

నాకు సందేహం లేదు. సందేహమల్లా గౌరి గురించే.

ఆ వారంలోనే కాకినాడ నించి అరుంధతి ఫోన్ చేసింది. అరుంధతి రేవతి చెల్లెలు. అక్కడ స్కూల్లో లెక్కల టీచరు. రేవతి జబ్బులో చివరి రెండు నెలలూ సెలవు పెట్టి మాతోనే ఉంది.

"బావగారూ, ఇక్కడ కాలేజీలో మాట్లాడాను. సీటిస్తారు. మా ఇంటికి నడిచెళ్లే దూరం. పదకొండూ పన్నెండూ ఇక్కడే చదువుకుంటుంది. ఆడపిల్ల, రోజంతా ఒక్కత్తీ ఆ ఫ్లాట్లో ఎలా ఉంటుందండీ? వేళకి తిండి పెట్టే మనిషుండాలి కదా."

కాదనడానికి నా దగ్గర ఏముంది? నేను సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరతాను. కంచంలో పప్పూ, పచ్చడీ. గౌరి మూడు నెలలుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఆ డిస్కులు తప్ప దానికి వేరే ధ్యాస లేదు. అరుంధతి దగ్గరైతే అమ్మ లాంటి గొంతు వినిపిస్తుంది. గొంతులు రెండూ ఒకలాగే ఉంటాయి. ఫోన్లో అయితే నేనే ఒక్కో క్షణం తడబడతాను.

"మంచిదే అరుంధతీ," అన్నాను. "నువ్వొచ్చి తీసుకెళ్లు."

"గౌరి ఏమంటుంది?"

"చెబుతాలే."

చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు పొద్దున పార్కులో గౌరి ముఖం బాగుంది, సాయంత్రం చెబుదామనుకున్నాను. అలసిన మనిషికి సాయంత్రాలు తొందరగా అయిపోతాయి.

టోర్నమెంటుకి పేర్లివ్వమని పృథ్వీ మెట్ల మీద ఎదురైనప్పుడు అడిగాడు.

"నాదీ గౌరిదీ బిగినర్స్‌లో వేసుకో."

పృథ్వీ తల గోక్కున్నాడు. "గౌరి బిగినరా అంకుల్? అమెచ్యూర్ల అయితే సరిగ్గ సరిపోతది."

"మొదటి టోర్నమెంటు కదా. బిగినర్స్‌లో అయితే గెలుస్తుంది. ఈ ఏడాది దానికేదో ఒకటి గెలవనియ్యి పృథ్వీ."

అతను నా ముఖంలోకి చూశాడు. "సరే అంకుల్," అన్నాడు.

ఊరెళ్లే ముందు చేతిలో ఒక చిన్న కప్పు ఉంటే బాగుంటుందని నా ఆలోచన. కాకినాడలో కొత్త పిల్లలకు చూపించుకోవచ్చు. అంతకు మించి దురుద్దేశం లేదు.

రెండు సంగతులూ గౌరికి ఒకే రోజు తెలిశాయి. టికెట్లు తీసుకున్నానని చెప్పడానికి అరుంధతి పగటిపూట ఇంటికి ఫోన్ చేసింది. ఫోనెత్తింది గౌరి. అది అయ్యాక పార్కుకెళ్తే, పృథ్వీ చేతిలోని కాగితంలో ఎవరే విభాగమో చూసుకుంది.

నేను వచ్చేసరికి హాల్లో కూర్చుని ఉంది. టీవీ లేదు, ఫ్యాను లేదు. కరెంటు ఉంది, తనే వేసుకోలేదు.

"ముఝ్‌సే పూఛా? నన్నడిగావా?" అంది.

నేను బ్యాగు దించి కుర్చీలో కూర్చున్నాను. బస్సులో పట్టిన చెమట ఇంకా ఆరలేదు. "ఏది?"

"కోయీ భీ. ఏదైనా. కాకినాడ అడిగావా? బిగినర్స్ అడిగావా?"

"నీ మంచికే కదమ్మా. అరుంధతి తనే చూసుకుంటానంటే..."

"పిన్ని అడిగింది. నువ్వు హా అన్నావ్. ఎంతసేపు ఆలోచించావ్? ఏక్ మినిట్? నాతో ఉండటం అంత కష్టంగా ఉందా?"

"అలా అంటావేంటి?"

"ఔర్ బిగినర్స్. నాకంటే చిన్నపిల్లలు కూడా లేరు అందులో. భాటియా అంకుల్‌ని ఓడించి నేను కప్పు తీసుకోవాలా? లోగ్ హసేంగే, అందరూ నవ్వుతారు నాన్నా." తర్వాత గొంతు తగ్గించి, "ఓడిపోనియ్యొచ్చు కదా నన్ను," అంది.

లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్లింది. బాల్కనీలోంచి చూస్తే కింద పృథ్వీతో మాట్లాడుతోంది. అతను చేతులు ఊపి ఏదో వద్దంటున్నాడు. ఆమె వినడం లేదు.

కాసేపటికి పృథ్వీ పైకొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఓపెన్ల రాసుకోమంటున్నది అంకుల్. గుర్గావ్ పెద్దోళ్లంత అండ్లనే. ఆగమైతది. నడిమిది సరిపోతుండె. ఏం జేద్దాం?"

"దాని ఇష్టం," అన్నాను. అప్పుడది నిజంగా దాని ఇష్టమని అన్న మాట కాదు. నా ఓపిక అయిపోయిందని అన్న మాట.

అరుంధతి టోర్నమెంటుకి ముందురోజు దిగింది. ఆవకాయ సీసాలు, సున్నుండలు, గౌరికి రెండు చుడీదార్లు. గౌరి ఆవిడను వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. కానీ కాకినాడ మాట వస్తే లేచి వెళ్లిపోయేది. అరుంధతి నావైపు చూసేది. నేను వంటింటివైపు చూసేవాణ్ణి.

ఆదివారం తెల్లవారుజామున కూడా గాలి వేడిగానే ఉంది. పార్కు నిండా కొత్త మనుషులు. టోపీలు, భుజాన సంచులు, సంచుల్లో రంగురంగుల డిస్కులు. అరుంధతి వేపచెట్టు కింద దుప్పటి పరుచుకుని, మజ్జిగ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఇంతమంది పెద్దవాళ్లు పొద్దున్నే లేచి బుట్టల్లోకి కంచాలు విసురుతారా బావగారూ?"

"ఆదివారాలే."

"మా అక్క చూస్తే నవ్వి చచ్చేది," అంది. అని, ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరం కాసేపు పార్కుకేసి చూశాం.

బిగినర్స్‌లో నేనూ, భాటియాగారూ, నోయిడా నించి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లూ. ఓపెన్ వాళ్లు పార్కుకు ఆ కొసన మొదలుపెట్టారు. గౌరితోపాటు ముగ్గురు మగవాళ్లు. ఒకతను చాలా పొడుగు, ఎర్రటి మెడ, ఆస్ట్రేలియా అని చెప్పారు. చెట్ల సందుల్లోంచి నాకు గౌరి పసుప్పచ్చ డిస్కు మాత్రం అప్పుడప్పుడు కనిపించేది. ఆ ముగ్గురి డిస్కులూ దాన్ని దాటి చాలా దూరం పోయేవి. ఒకసారి గౌరిది మురికి కాలవలో పడింది. ఒకసారి కంచె ముళ్లలో.

కానీ నేను ఇంకొకటి కూడా చూశాను. ప్రతిసారీ గౌరిదే అన్నిటికంటే వెనక ఉంది కనక ప్రతిసారీ గౌరే ముందు విసిరింది. ప్రతిసారీ ఆ పెద్దవాళ్లు ముగ్గురూ నడవడం ఆపి, వెనక్కి తిరిగి, నోరు మూసుకుని నిలబడ్డారు. కాలవ దగ్గర ఆ పొడుగాటాయన వంగి డిస్కు తీసి, తన చొక్కాకే తుడిచి ఇచ్చాడు.

"సారథీజీ, మీ వంతు," అన్నారు భాటియాగారు. "బేటీ ఎక్కడికీ పోదు. పోయేది మీ డిస్కే."

మొదటి రౌండు అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. గౌరి అందరికంటే ఆఖరున ఉంది. చాలా ఆఖరున. కుళాయి దగ్గర కూర్చుని, మోకాలి కింద గీరుకున్నచోట నీళ్లు పోసుకుంటోంది. ముఖం కందిపోయింది. మా దగ్గరకు రాలేదు.

పృథ్వీ గబగబా వచ్చాడు. "అంకుల్, ఎండ జాస్తి అయితున్నది. గౌరిని రెండో రౌండు వద్దందాం. చిన్నపిల్ల కదా, ఎవ్వరేమనరు. మీరు ఊఁ అంటే నేను కాయిదం మీద కొట్టేస్త. మీరు వద్దన్నరని చెప్తే దానికి గూడ ఇజ్జత్ పోదు."

మంచి మాటే. నేను వద్దంటే ఓటమి నాదవుతుంది, దానిది కాదు. ఎన్నో ఫైళ్ల మీద నేనూ అలాంటి దారే వెతికి పెట్టాను.

"ఊఁ అనండి బావగారూ," అంది అరుంధతి. "వడదెబ్బ తగుల్తుంది."

గౌరి కుళాయి కట్టేసి, తడిచెయ్యి మెడ వెనక రాసుకుంది. మావైపు చూడటం లేదు. కానీ మేం తన గురించే మాట్లాడుకుంటున్నామని తెలిసిన పిల్ల ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది.

"దాన్ని అడుగు," అన్నాను.

"మీరే జెప్పరాదు అంకుల్."

"దాన్నే అడుగు, పృథ్వీ."

అతను వెళ్లాడు. ఏమన్నాడో వినపడలేదు. గౌరి తలెత్తి మొదట అతన్నీ, తర్వాత చాలా దూరం నించి నన్నూ చూసింది. తల అడ్డంగా ఊపింది. లేచి, డిస్కు తీసుకుని, ఆ ముగ్గురూ ఉన్నచోటికి నడిచింది.

అరుంధతి ఫ్లాస్కు మూత బిగించి, మళ్లీ విప్పి, ఒక గ్లాసు మజ్జిగ పోసి నా చేతికిచ్చింది. "తీసుకెళ్లి ఇవ్వండి. ఆడితే ఆడింది, తాగమనండి."

తీసుకెళ్లాను. గౌరి నిలబడే తాగి, గ్లాసు నా చేతిలో పెట్టింది.

రెండో రౌండులో భాటియాగారు, నేనూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచాం. ఎక్కడో చెట్ల అవతల గొలుసులు గలగలమన్నాయి. ఎవరో ఈలేశారు. తర్వాత తెలిసింది, గౌరి చాలా దూరం నించి ఒక్కటి సరాసరి బుట్టలో వేసిందట. అదొక్కటే. చివరికి తను ఆఖరునే వచ్చింది. మొదటి రౌండు కంటే ఇంకా వెనకబడి వచ్చింది. నోయిడా అక్కచెల్లెళ్లలో పెద్దది బిగినర్స్ కప్పు తీసుకుంది. నాకూ భాటియాగారికీ ఎన్నో స్థానమో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంటికొచ్చి స్నానాలయ్యాక కరెంటు పోయింది. ముగ్గురం హాల్లో ఇన్వర్టరు మీద తిరిగే ఆ ఒక్క ఫ్యాను కింద నేలమీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. అరుంధతి కొత్తావకాయ ముక్క గౌరి కంచంలో వేసింది.

"బావగారూ, ఒక మాటడుగుతాను," అంది.

"అడుగు."

"ఎండలో ఆడాలా వద్దా అన్నదానికి దాన్నడగమన్నారు. కాకినాడకి రావాలా వద్దా అన్నది మనమెవరమూ దాన్నడగలేదు. నేనూ అడగలేదు. సీటు చూసేశాను, టికెట్లు కొనేశాను." గౌరికేసి తిరిగింది. "ఏమే, నువ్వు చెప్పు. రావాలనుందా, లేదా? నేనేం అనుకోను."

గౌరి అన్నం కలుపుతూనే ఉంది. "పహలే నాన్నా," అంది. "ముందు నాన్న చెప్పాలి. నాన్నకేం కావాలి?"

"నీ చదువుకి అక్కడైతే..." అన్నాను.

"చదువు కాదు. నీకు. ఆప్‌కో క్యా చాహియే?"

నాకేం కావాలని ఎవరైనా అడిగి చాలాకాలమైంది. రేవతి అడిగేది, కూర విషయంలో. చేతికి అంటిన మెతుకులు ఆరిపోతున్నాయి.

"నువ్విక్కడ ఉంటే బాగుంటుంది," అన్నాను.

గౌరి తలెత్తింది. "దియా నా ఫిర్ సే? మళ్లీ ఇచ్చావ్ కదా, వెరీ గుడ్." అని, నవ్వకుండా, "బాగుంటుందా, ఉండాలా?" అంది.

అరుంధతి కిటికీవైపు చూస్తోంది. బయట ఎవరి జనరేటరో మొదలైంది.

"ఉండాలి," అన్నాను.

కారణాలు ఎవరూ అడగలేదు.

గౌరి ఆవకాయ ముక్క చీకి కంచం అంచున పెట్టింది. "సోచ్‌కే బతాతీ హూఁ," అంది. ఆలోచించి చెబుతానని. కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

రైలు మర్నాడు సాయంత్రం. మర్నాడు నేను సెలవు పెట్టాను. మధ్యాహ్నం దాకా గౌరి ఏమీ తేల్చలేదు. పార్కుకెళ్లి కాసేపు విసిరి వచ్చింది. తన గది తలుపు వేసుకుంది, తీసింది. బట్టలు మంచం మీదున్నాయి, అవి సర్దుకోవడానికో, మడతపెట్టుకోవడానికో నాకు తెలియలేదు. నేను వంటింట్లో అరుంధతికి దారిలో తినడానికి పులిహోర కలుపుతున్నాను. పోపులో ఇంగువ వేశానో లేదో గుర్తురాక మళ్లీ వేశాను.

"పిన్నీ," అన్న మాట వినిపించింది.

"ఊఁ."

"నేను కూడా వస్తా నీతో."

గరిటె పట్టుకునే నిలబడ్డాను.

"స్టేషన్ దాకా," అంది గౌరి.

తర్వాత అరుంధతి ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది. "సరేలేవే. రెండో బెర్తు కూడా నాదే, కాళ్లు చాపుకుని పోతాను," అంది. "దసరాకి రా. అప్పుడు మాత్రం నిన్నడగను, టికెట్టు పంపిస్తాను."

నిజాముద్దీన్‌లో రైలు అప్పటికే పెట్టి ఉంది. గౌరి పెట్టె మోసుకుని లోపలికెక్కింది. నేను కిటికీ దగ్గర నిలబడి అరుంధతికి నీళ్ల సీసాలందించాను. లోపల పిన్నీ కూతురూ సీటు కిందికి వంగి ఏదో సర్దుతున్నారు, మాట్లాడుకుంటున్నారు. కూత వేసింది. రైలు చిన్నగా కుదిపి కదిలింది. గౌరి ఇంకా లోపలే ఉంది.

పిలవాలని నోటిదాకా వచ్చింది. రైలుతోపాటు నాలుగడుగులు నడిచాను. పిలవలేదు.

అవతలి తలుపు దగ్గర మనుషుల్ని తోసుకుంటూ కనిపించింది. దిగి, రెండడుగులు పరుగు తీసి నిలదొక్కుకుంది. చేతిలో ఒక ఆవకాయ సీసా.

"పిన్ని ఇది ఇవ్వడం మర్చిపోయింది. పెట్టెలోనే ఉండిపోయి సీటు కిందకి పోయింది. పకడో, భారీ హై."

పట్టుకున్నాను. బరువుగానే ఉంది.

ఢిల్లీ ఆటోలు బోర్డరు దాటవు. ఘాజీపూర్ దగ్గర దిగి ఇంకో ఆటో కోసం నిలబడ్డాం. దుమ్ము, లారీలు, కమిలిన ఆకాశం. సీసా పొట్టకు ఆనించుకుని రోడ్డుకేసి చూస్తున్నాను.

"రాత్రికి ఏం వండుతావ్ నాన్నా?"

"నువ్వు చెప్పు," అన్నాను.

గౌరి కాసేపు ఆలోచించింది. "భిండీ. వేపుడు. పప్పు వద్దు."

రోడ్డు పక్కన ఒకాయన బండి మీద బెండకాయలకు నీళ్లు చల్లుతున్నాడు. గౌరి వెళ్లి, ఒక్కో బెండకాయ కొస విరిచి చూస్తూ, ముదురువి పక్కన పెట్టి ఏరడం మొదలుపెట్టింది. ఆటో ఒకటి వచ్చి ఆగింది. దాన్ని వెళ్లిపొమ్మని చెయ్యూపాను.